ఇంట్లో పెంచే తాబేలుకు కావలసింది ఎండ, గడ్డి

సంపాదకుల వారికి,

నమస్కారములు.

మీ పత్రిక అనంతపురం జిల్లా పేజీలో ఇటీవల ఒక చిత్రం చూశాను. నున్నటి టైల్స్ పరచిన హాలులో ఒక తాబేలు, దాని ముందు పళ్లెంలో టమాటా ముక్కలు, కొంచెం అన్నం, చుట్టూ మురిపెంగా చూస్తున్న పిల్లలు. ఆ ఇంటివారి ఆప్యాయతను నేను శంకించడం లేదు. అయితే తాబేలు ప్రాణానికి ముప్పు తెచ్చే విషయాలు ఆ ఒక్క చిత్రంలోనే మూడు కనిపించాయి. కాళ్లు జారిపోయే నేల, దాని కడుపుకు సరిపడని తిండి, కిటికీ అద్దం గుండా పడే వెలుగు తప్ప నేరుగా ఎండ తగలని గది. ఆ చిత్రం చూసి మరికొన్ని ఇళ్లవారు అదే పద్ధతిని అనుసరిస్తారేమోనన్న ఆందోళనతో ఈ లేఖ రాస్తున్నాను.

ఈ విషయం నాకు పుస్తకాల ద్వారా మాత్రమే తెలిసింది కాదు. 1994లో తొలకరి వానలు పడి, కూడేరు వైపు ఉన్న మా చేనిలో గుంటక తోలుతున్నప్పుడు గట్టు పక్కన మా మామగారికి ఒక నక్షత్ర తాబేలు దొరికింది. ఇంట్లో కూర్మం ఉంటే శుభమని ఆయన దాన్ని తువ్వాలులో చుట్టి ఇంటికి తెచ్చారు. మా అత్తగారు రోజూ దాని డిప్పకు పసుపు రాసి బొట్టు పెట్టేవారు. పాలు, పెరుగన్నం, అరటిపండు, అప్పుడప్పుడూ నానబెట్టిన బుడ్డలు, అంటే వేరుశనగ గింజలు పెట్టేవాళ్లం. అది తినేది, తిన్నాక ధాన్యం డ్రమ్ముల వెనక చీకట్లోకి వెళ్లి పడుకునేది. మూడో ఏడు వచ్చేసరికి డిప్ప అంచును వేలితో నొక్కితే లోపలికి దిగేంత మెత్తబడింది, వెనక కాళ్లు ఈడ్చసాగింది. కార్తీక మాసంలో ఒక ఉదయం చూస్తే కదలిక లేదు. అప్పటికి నేను డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం బోధిస్తున్నాను. గరిక ఏ కుటుంబానికి చెందినదో, దాని వేరు నిర్మాణం ఏమిటో తరగతి గదిలో గంటల తరబడి చెప్పిన నాకు, మా గుమ్మం పక్కనే మొలిచిన ఆ గరికే దానికి అసలైన ఆహారమని తట్టలేదు. దాదాపు ముప్పై ఏళ్లు గడిచినా ఆ బాధ నన్ను వదలలేదు.

ముందుగా చట్టం సంగతి చెప్పాలి. మా ఇంట్లో ఉన్నటువంటి నక్షత్ర తాబేలును, అంటే నల్లటి డిప్ప మీద పసుపు గీతలు చుక్కల్లా విచ్చుకుని కనిపించే జాతిని, ఇంట్లో పెంచడం నేరం. రాయలసీమ మెట్ట పొలాల్లోనూ ముళ్లపొదల అడవుల్లోనూ సహజంగా బతికే ఈ జీవిని, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ అత్యంత కఠినమైన రక్షణ ఉండే మొదటి షెడ్యూలులో చేర్చింది. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. ఈ షెడ్యూలులోని జీవుల విషయంలో నేరం రుజువైతే 3 నుంచి 7 సంవత్సరాల జైలుశిక్ష, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా ఉంటాయి. వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం కూడా 2019లో దీన్ని అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలోకి మార్చింది. మన దేశంలో ఒక్క అక్రమ వ్యాపార కేంద్రానికే ఏడాదికి కనీసం 55,000 నక్షత్ర తాబేళ్లను అడవుల నుంచి పట్టి తెస్తున్నారని 2015లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసింది. వాస్తు దోషం పోతుందని, లక్ష్మి కలుగుతుందని మనం ఇచ్చే డబ్బే ఆ వేటకు పెట్టుబడి. ఇప్పటికే ఇంట్లో నక్షత్ర తాబేలు ఉన్నవారు దాన్ని అటవీ శాఖ వారికి అప్పగించడమే సరైన మార్గం. భయపడి చీకటిపడ్డాక ఏదో గుట్ట దగ్గర వదిలి రావడం మంచిది కాదు, ఎందుకంటే మన ఇంట్లో అంటుకున్న జబ్బును అది అడవిలోని తాబేళ్లకు మోసుకుపోతుంది, ఏళ్ల తరబడి పళ్లెంలో తిన్న జీవికి మేత వెతుక్కునే బలమూ ఉండదు.

ఇక మన ఊళ్లలోకి కొత్తగా వస్తున్నది సల్కేటా తాబేలు. ఆఫ్రికాలో సహారా ఎడారి దక్షిణపు అంచున ఉండే సాహెల్ ప్రాంతం దీని సొంత గడ్డ. బెంగళూరు అంగళ్లలో అరచేతిలో ఇమిడే పిల్లలుగా అమ్ముతున్నారు. మా వీధి చివరి ఇంట్లో ఇంటర్ చదువుతున్న ఒక అబ్బాయి పోయిన దసరా సెలవుల్లో అలాంటి పిల్లను కొని, చెప్పుల పెట్టెలో పెట్టుకుని బస్సులో తెచ్చాడు. నెల తిరగకుండానే మా ఇంటికి వచ్చి, "మేడమ్, ఇది వారం రోజులుగా ఏమీ తినడం లేదు, కళ్లు కూడా తెరవడం లేదు" అన్నాడు. "ఏం పెడుతున్నావు నాయనా?" అని అడిగితే, "క్యాబేజీ, దోసకాయ, కుక్క బిస్కట్లు మేడమ్, అంగడివాళ్లు అవే పెట్టమన్నారు" అని చెప్పాడు. ఆ పెట్టె రాత్రింబగళ్లు వాళ్ల పడకగదిలో ఫ్యాను కిందే ఉండేదట. అది చాలా పెద్దగా పెరుగుతుందని గానీ, విదేశీ జాతి కనుక నమోదు చేయించాలని గానీ అమ్మినవారు అతనికి ఒక్క మాట చెప్పలేదు. సైటీస్ అనుబంధాల్లో ఉన్న విదేశీ జీవులను పెంచేవారు పర్యావరణ శాఖ వారి పరివేష్ వెబ్‌సైటు ద్వారా నమోదు చేయించుకోవాలని కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో నిబంధనలు తెచ్చింది. సల్కేటా ఆ కోవలోకే వస్తుంది. కొనే ముందు కాగితాలు అడగడం, కాగితాలు లేకపోతే కొనకుండా వెనక్కి రావడం కొనేవారి బాధ్యత.

ఇంటి లోపల పెంచే తాబేళ్లకు మొదట కలిగే లోటు ఎండ. తాబేలు డిప్ప దాని ఒంటి మీద వేసుకున్న కవచం కాదు, అది దాని అస్థిపంజరంలో భాగం. వెన్నెముక, పక్కటెముకలు డిప్పతో కలిసిపోయి ఉంటాయి, దానికి స్పర్శ కూడా తెలుస్తుంది. ఆ ఎముక గట్టిపడాలంటే కాల్షియం కావాలి, తిన్న కాల్షియం రక్తంలోకి చేరాలంటే డి3 విటమిన్ కావాలి, ఆ విటమిన్ తయారు కావాలంటే ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో బి రకానివి చర్మానికి నేరుగా తగలాలి. కిటికీ అద్దం వెలుగునూ వెచ్చదనాన్నీ రానిస్తుంది గానీ ఈ కిరణాలను ఆపేస్తుంది. కాబట్టి కిటికీ పక్కన ఉంచాం కదా, ఎండ తగులుతోంది కదా అని అనుకోవడం పొరపాటు. ఎండ అందని తాబేలు తన ఎముకల్లోని సున్నాన్నే కరిగించుకుని బతుకుతుంది, డిప్ప మెత్తబడేది అందువల్లనే. మిద్దె మీదనో పెరట్లోనో ఉదయం 8 నుంచి 10 గంటల మధ్య కొంతసేపు దాన్ని ఆరుబయట తిరగనిస్తే చాలు. బయటికి తీయడానికి ఏ విధంగానూ వీలులేని అపార్టుమెంటువారు సరీసృపాల కోసం తయారయ్యే యూవీబీ దీపం అమర్చుకోవాలి. ఆ దీపం వెలుగుతూనే ఉన్నా ఆరు నెలల నుంచి ఏడాదిలోపు దాని కిరణాల శక్తి తగ్గిపోతుంది, అందువల్ల తేదీ రాసిపెట్టుకుని మార్చాలి.

అయితే మన ఎండ సామాన్యమైనది కాదు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే అనంతపురంలో, నీడ లేని ప్లాస్టిక్ తొట్టిలో తాబేలును పెట్టి ఫోన్ మాట్లాడటానికి లోపలికి వెళ్లినా ప్రమాదమే. దాని ఒంటికి చెమట పట్టదు, నీడలోకి జరగడమే దానికి తెలిసిన ముఖ్య ఉపాయం. అందుకని తిరిగే చోటులో సగం ఎప్పుడూ నీడలో ఉండాలి. పగిలిన మట్టికుండను నిలువునా సగానికి కోసి బోర్లించి, లోపల కొంచెం తడి ఇసుక పోస్తే అంతకంటే మంచి గూడు మరొకటి లేదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మాత్రం తాడిపత్రి బండల నేల ఐసులా చల్లబడుతుంది. ఆ నేల మీద రాత్రంతా పడుకున్న తాబేలుకు ముక్కు కారడం, ముక్కు దగ్గర బుడగలు రావడం, నోరు తెరిచి ఊపిరి తీసుకోవడం మొదలవుతాయి. అది ఊపిరితిత్తుల జబ్బుకు గుర్తు.

తిండి విషయానికి వస్తే, ఏది పెట్టినా తింటుంది కనుకనే తాబేలు యజమాని మోసపోతాడు. తింటున్నది కాబట్టి బాగానే ఉందని మేము మూడేళ్లు నమ్మాం. మెట్ట తాబేలు, అంటే నేల మీద బతికే తాబేలు, పేగులు పీచును పులియబెట్టి అరిగించుకునేందుకు ఏర్పడ్డాయి. గడ్డిని మెల్లగా అరిగించే సూక్ష్మజీవులు అక్కడ కాపురముంటాయి. అన్నం, రొట్టె, బిస్కట్టు, తీపి పండ్లు వేస్తే ఆ సూక్ష్మజీవుల సమతూకం చెడి, కడుపు ఉబ్బరం, విరేచనాలు వస్తాయి. పాలు ఏ వయసు తాబేలుకూ పనికిరావు. కుక్క బిస్కట్లు, గుడ్డు, మాంసం వంటి మాంసకృత్తుల తిండి, అందులోనూ నీళ్లు సరిగా తాగని తాబేలుకు, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మనం ప్రేమగా పెట్టిన బుడ్డలు, పప్పులు, అన్నం అన్నింటిలోనూ కాల్షియం కంటే భాస్వరం ఎక్కువ. తాబేలుకు కావలసింది దీనికి తలకిందులు, అంటే భాస్వరానికి రెండింతల కాల్షియం. పాలకూర పచ్చగా కనిపించినా అందులోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని పట్టేసి ఒంటికి అందనివ్వదు. తోటకూర, గంగవాయిలి కూడా రోజూ వేయదగినవి కావు. క్యాబేజీ ఒక్కటే నెలల తరబడి పెడితే థైరాయిడ్ గ్రంథి దెబ్బతింటుంది.

మరి ఏం పెట్టాలని ఆ అబ్బాయి అడిగినప్పుడు నేను అతన్ని అంగడికి పంపలేదు, మా పెరట్లోకి తీసుకెళ్లాను. మొదటి మేత గరిక. వినాయక చవితికి పత్రిలో వెతికే ఆ గరికే, చిన్న సల్కేటాకైతే కత్తెరతో సన్నగా తరిగి, పెద్దదానికైతే నేల మీద పెరిగినది పెరిగినట్టే మేయనివ్వవచ్చు. పాడి రైతులు వేసే గినీ గడ్డి, నేపియర్ గడ్డి లేత ఆకులు కూడా పనికివస్తాయి. రోజువారీ మేతలో ఎక్కువ భాగం ఇలాంటి గడ్డే ఉండాలి. దానితోపాటు మందార ఆకులు, పూలు, గుమ్మడి ఆకులు, పూలు, అప్పుడప్పుడూ కొంచెం మునగాకు వేయవచ్చు. శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, మడకశిర వైపు పట్టు రైతులతో పరిచయం ఉన్నవారికి మల్బరీ ఆకు సులువుగా దొరుకుతుంది. కాల్షియం నిండుగా ఉండే మంచి మేత అది. పట్టుపురుగు మందు వాసనను భరించలేదు గనుక, పురుగులకు మేపడానికి సిద్ధంగా కోసిన ఆకును రైతులు మందు అంటకుండా చూసుకుంటారు. నాగజెముడు మట్టల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. కరువు ఏళ్లలో దాని ముళ్లు కాల్చి పశువులకు మేపేవారని మా పెద్దలు చెప్పేవారు. ముళ్లూ సన్నని నూగూ పూర్తిగా తీసి ముక్కలుగా కోసి వేస్తే తాబేళ్లు ఇష్టంగా తింటాయి. నీరూ పీచూ కాల్షియమూ మూడూ అందులో ఉన్నాయి. మన సీమ పొలంగట్లు ఉచితంగా ఇస్తున్న మేతను వదిలి బెంగళూరు నుంచి డబ్బా తిండి తెప్పించుకోవడం చూస్తే నాకు నిజంగా మనసుకు కష్టమనిపిస్తుంది.

కోసే చోటు విషయంలో మాత్రం జాగ్రత్త తప్పనిసరి. కలుపుమందు కొట్టిన గట్టు మీది గడ్డి, రోడ్డు పక్కన పొగా దుమ్మూ పట్టిన గడ్డి కోయకూడదు. పూజ కోసం ఇంటింటా పెంచే గన్నేరు, రహదారి మధ్యలో వరుసగా నాటే గన్నేరు, ఆకు నుంచి పువ్వు దాకా విషమే. ఉమ్మెత్త, ఆముదం, జిల్లేడు, వయ్యారిభామ కూడా దరిచేరనివ్వరాదు. లేత జొన్న పైరు మేసి పశువులు చనిపోవడం రైతులందరికీ తెలిసినదే, దాన్ని తాబేలుకు కూడా వేయకుండా ఉండటం మేలు. కాల్షియం కోసం మూలికల అంగళ్లలో దొరికే సముద్రపు నురుగును, అంటే కటిల్ చేప లోపలి ఎముకను, ఒక ముక్క గూటిలో పడేస్తే తనకు కావలసినప్పుడు అదే కొరుక్కుంటుంది. తాంబూలంలో వేసే సున్నం మాత్రం ఎన్నడూ పెట్టకండి, నోరూ పేగులూ కాలిపోతాయి.

నీళ్ల విషయంలో రెండు విరుద్ధమైన పొరపాట్లు చూశాను. తాబేలంటే నీటి జీవి అనుకుని మెట్ట తాబేలును చేపల తొట్టిలో వేసేవారు కొందరు. ఏనుగు కాళ్లలాంటి మొద్దు పాదాలున్న తాబేలుకు ఈత రాదు, అది మునిగి చనిపోతుంది. ఎడారి జీవి కదా, నీళ్లెందుకని అసలే పెట్టనివారు ఇంకొందరు. పళ్లెంలాంటి లోతులేని గిన్నెలో నీళ్లు ఎప్పుడూ ఉండాలి. పిల్ల తాబేలునైతే రోజూ, పెద్దదాన్నైతే వారానికి రెండు మూడు సార్లు, గడ్డం కిందివరకే వచ్చే గోరువెచ్చని నీళ్లలో 15, 20 నిమిషాలు ఉంచితే నీళ్లు తాగుతుంది, విసర్జనా సాఫీగా అవుతుంది. పిల్ల సల్కేటాలు పొడి గాలిలో పెరిగితే డిప్ప మీది పలకలు ఒక్కొక్కటీ గోపురంలా పైకి లేస్తాయి, ఒకసారి లేచినవి మళ్లీ చదునుకావు. నక్షత్ర తాబేలుకు ఆ ఎత్తులు కొంతవరకు సహజంగా వచ్చేవే. టైల్స్ మీద కాళ్లు పక్కలకు జారి కీళ్లు చెడిపోతాయి కాబట్టి, ఎర్రమట్టీ ఇసుకా కలిపి కాస్త తేమగా పరిచిన విశాలమైన చోటు కల్పించాలి. డిప్పకు నూనె, రంగు, పసుపు ఏవీ పూయకూడదు, తాడు కట్టడానికి రంధ్రం చేయడమంటే ఎముకను తొలవడమే.

ఇక్కడి గొర్రెల పెంపకందార్లు, మందుల అంగళ్లవారు తప్పక తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. గొర్రెలకు నట్టల కోసం, గజ్జి కోసం వాడే ఐవర్‌మెక్టిన్ మందు తాబేళ్లకు ప్రాణాంతకం. చిన్న మోతాదులో ఇచ్చినా పక్షవాతం వచ్చి చనిపోతాయి. తాబేలుకు పురుగులున్నాయని చెబితే గొర్రెల మందునే కొలిచి ఇచ్చే సలహాను ఎవరూ పాటించవద్దు. సరీసృపాలతో అనుభవమున్న పశువైద్యుడిని వెతుక్కోవాలి. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది, తిరుపతిలో పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. దూరమని వెనకాడకుండా అక్కడి వారిని సంప్రదించవచ్చు.

చిన్నపిల్లలున్న ఇళ్లవారికి మరొక్క మాట. ఏ జబ్బూ కనిపించని తాబేలు ఒంటి మీద కూడా సాల్మొనెల్లా బాక్టీరియా ఉండవచ్చు. ఈ కారణంగానే అమెరికాలో 4 అంగుళాల కంటే చిన్న డిప్ప ఉన్న తాబేళ్ల అమ్మకాన్ని 1975లోనే నిషేధించారు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, దాని గిన్నెలను వంటింటి తొట్టిలో కడగకూడదు, ఐదేళ్లలోపు పిల్లలకు ఆటబొమ్మలా ఇవ్వకూడదు.

సంపాదకుల వారికి నాదొక విన్నపం. ఇకమీదట పెంపుడు జంతువుల చిత్రాలు ప్రచురించేటప్పుడు, అది పెంచడానికి అనుమతి ఉన్న జాతేనా అని ఒక్కసారి అటవీ శాఖ వారిని అడిగి నిర్ధారించుకోగలరు. అలాగే మీ వ్యవసాయ పేజీలో పాడి పశువుల సలహాలతోపాటు ఏడాదికి ఒకటి రెండు సార్లయినా ఇలాంటి జీవుల పోషణ గురించి పశువైద్యులతో రాయించగలరు. జిల్లా పశుసంవర్ధక శాఖ వారు తమ వైద్యులకు సరీసృపాల చికిత్సలో శిక్షణ ఇప్పిస్తే, మా వీధి అబ్బాయిలాంటివారు జవాబు కోసం వృక్షశాస్త్రం చదివిన ముసలావిడ ఇంటికి రావలసిన అవసరం ఉండదు.

ఆ పిల్ల సల్కేటా బతికింది. మొదటి నాలుగు రోజులు గోరువెచ్చని నీళ్లలో కూర్చోబెట్టడం, ఉదయపు ఎండలో తిప్పడం తప్ప ఏమీ చేయలేదు. ఐదో రోజు కళ్లు తెరిచి మందార పువ్వు కొరికింది, ఆ తరువాత గరిక. అబ్బాయి ప్రతి ఆదివారం దాన్ని వంటింటి తక్కెడలో కాకుండా విడిగా కొన్న చిన్న తూకం మీద తూచి నోటుపుస్తకంలో రాసుకుంటున్నాడు, నమోదు కోసం దరఖాస్తు కూడా చేశాడు. సల్కేటా 40, 50 కిలోల దాకా పెరుగుతుందని, డెబ్బై ఏళ్లు కూడా బతకగలదని చెప్పినప్పుడు వాళ్ల నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి నార్పల దగ్గర ఉన్న తమ చీనీ (బత్తాయి) తోటలో ఒక మూల దానికి వదులుతామన్నారు. అది నేలను లోతుగా తవ్వుకుంటూ పోయే జాతి కాబట్టి, చుట్టూ కట్టే గోడ పునాదిని కనీసం రెండడుగులు కిందికి దించమని, తోటకు మందు కొట్టే రోజుల్లో దాన్ని అటువైపు వదలవద్దని చెప్పాను. వచ్చే నెలలో పని మొదలుపెడతామన్నారు.

ఇట్లు,
విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకురాలు,
అనంతపురం.